నురగ నిలవాలి

మా అమ్మాయికి ఇప్పుడు అయిదో నెల. మొన్న విశాఖపట్నం సీతమ్మధారలో డాక్టర్ దగ్గరికి తోడు వెళ్ళాను. ఫైలు రాసే నర్సు, "ఇంట్లో ఎవరికైనా కాన్పుల్లో ఇబ్బందులు వచ్చాయా ఆంటీ?" అని అడిగింది. "నాకే వచ్చాయమ్మా. ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులు పండాయో లేదో చూడ్డానికి ఉమ్మనీరు తీశారు, రెండుసార్లు" అన్నాను. ఆ నర్సు రాయడం ఆపి మా అమ్మాయి వైపు చూసింది, ఇప్పటికైనా పండాయా అన్నట్టు. లోపల డాక్టరమ్మకి ముప్పై అయిదు దాటి ఉండవు. "షేక్ టెస్టా ఆంటీ? మేం పుస్తకంలో చదివి పరీక్ష రాయడమే గానీ ఎప్పుడూ కళ్ళతో చూడలేదు" అంది.

నేను చూశాను. నా నీళ్ళే కాబట్టి పక్కకి తిరిగి పడుకుని మరీ చూశాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి మొత్తం చెప్పమని పట్టుకుంది. తనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

1999 సంగతి. విశాఖలోనే కంచరపాలెంలో ఉండేవాళ్ళం. మా ఆయనకి రైల్వేలో ఉద్యోగం. పెద్దాడికి ఏడాదిన్నర, ఇంకా పాలు తాగుతున్నాడు. వాడు పుట్టాక నాకు నెలసరి రానే లేదు. పాలిచ్చినన్నాళ్ళూ కడుపు రాదులే అని ఇరుగుపొరుగు చెప్పారు, నేనూ ధీమాగా ఉన్నాను. ఆ ధీమా మొదటి ఆరు నెలలకే, అదీ బిడ్డ పూర్తిగా తల్లిపాల మీదే ఉంటేనే అని తర్వాత తెలిసింది. మావాడు అప్పటికే పప్పన్నం, ఇడ్లీ అన్నీ లాగిస్తున్నాడు.

మే నెలలో ఆవకాయ పెడుతున్నాం. అత్తయ్య ముక్కలకి పిండి పట్టిస్తుంటే నేను జాడీ పట్టుకుని కూర్చున్నాను. పొత్తికడుపులో చేప తోక ఆడించినట్టయింది. గాలేమో అనుకున్నాను. కాసేపటికి మళ్ళీ ఆడింది. నా మొహం చూసి అత్తయ్య, "ఏటయిందే?" అంది. చెప్పాను. "ఓలమ్మ! కడుపే. జాడీ ఇలగియ్యి" అని లాక్కుంది. అంటే అప్పటికే నాలుగు నెలలు దాటిపోయి ఉండాలి. కానీ నాలుగా, అయిదా? నెల తప్పిన తారీఖు అనేది ఒకటుంటే కదా లెక్క మొదలుపెట్టడానికి!

తారీఖు లేకపోతే ఏం, పండగలున్నాయి. "శివరాత్రి జాగారం నాడు వాంతి చేసుకుంది, కాబట్టి సంక్రాంతికే నిలిచింది" అని అత్తయ్య లెక్క. "అది ఉపవాసం వాంతి వదినా. ఉగాదికి పచ్చడి రెండు గిన్నెలు తాగింది, అప్పుడే వేవిళ్ళు మొదలు" అని మా అమ్మ లెక్క. ఇద్దరి మధ్యా నెల తేడా. జూన్‌లో స్కాన్ తీయిస్తే అది అత్తయ్య వైపు మొగ్గింది. ఆగస్టు మొదట్లో ఇంకోటి తీయిస్తే రెండు వారాలు వెనక్కి వెళ్ళి, ఎటూ కాకుండా మధ్యలో నిలబడింది.

ఇదంతా మామూలు కాన్పైతే సరదా గొడవే. నొప్పులు వచ్చిన రోజే పురుడు, లెక్కలతో పనేముంది? నాకు నొప్పులు రాకూడదు. అదీ చిక్కు.

పెద్దాణ్ణి కన్నది పుట్టింటి దగ్గర. వాడు కడుపులో అడ్డం తిరిగాడు, ఉమ్మనీరు పోయి చెయ్యి ముందుకొచ్చింది. రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. తల్లీబిడ్డా దక్కారు, అంతవరకు వాళ్ళకి దణ్ణం పెట్టొచ్చు. కానీ ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో 'సిజేరియన్, మగబిడ్డ' అని ఒక ముక్క, బరువు, కుట్లు తీసిన తేదీ, అంతే. ఏం కోశారు, ఎలా కోశారు అన్నది ఎవరూ చెప్పలేదు. అడగాలని మాకూ తెలీదు.

ఈసారి చూపించుకున్నావిడ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చాలా ఏళ్ళు పనిచేసి, మహారాణిపేటలో చిన్న నర్సింగ్ హోమ్ పెట్టుకున్న పెద్ద డాక్టరమ్మ. కాగితం అటూ ఇటూ తిప్పి, "గర్భసంచి మీద కోత ఎటు పెట్టారమ్మా?" అంది. పొట్ట మీద మచ్చ చూపించాను. "అది పైన చర్మం. పైన అడ్డంగా కోసి లోపల నిలువుగా కోయొచ్చు, పైన నిలువుగా కోసి లోపల అడ్డంగానూ కోయొచ్చు. మచ్చ చూసి లోపలిది చెప్పలేం" అంది. మా ఆయన్ని ఆ ఊరు పంపింది. మొదటిసారి వెళితే రికార్డు లేదన్నారు. రెండోసారి గుమాస్తా కాళ్ళా వేళ్ళా పడితే, ఆపరేషన్ల రిజిస్టరులో పేజీ దొరికింది. ఆయన ఆ లైను ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు తెల్ల కాగితం మీద ఎక్కించుకొచ్చాడు. డాక్టరమ్మ చదివి కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. లోపల నిలువు కోత.

అడ్డకోత గర్భసంచి కింది భాగంలో ఉంటుంది. అక్కడ కండ పలచన, నొప్పులప్పుడు అంత బిగుసుకోదు, అతుకు బాగా పడుతుంది. నిలువుకోత పైభాగంలో, నొప్పులకి బలంగా ముడుచుకునే కండలో ఉంటుంది. అడ్డకోతైతే మళ్ళీ నొప్పులు వచ్చినా కుట్టు విడిపోయే ప్రమాదం వందలో ఒకరి లోపే. నిలువుకోతకి వందలో నలుగురి నుంచి తొమ్మిది మంది. విడిపోతే తల్లికీ బిడ్డకీ నిమిషాల వ్యవధే. అందుకని నొప్పులు మొదలవకముందే బిడ్డని తీసేయాలి.

"అయితే ఇప్పుడే తీసేయండి మేడమ్" అన్నాను. నా వెనక నిలబడ్డ అత్తయ్య నా భుజం గిల్లింది. ఆవిడ భయం వేరు. ఏడో నెల బిడ్డైనా బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మనవాళ్ళు అంటారుగా. డాక్టరమ్మ ఆవిడ్ని కోప్పడలేదు. "ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డ కంటే ఎప్పుడూ గట్టిదే పెద్దమ్మా. ఒక్కో రోజు లోపల ఉన్నకొద్దీ మేలే. కానీ మీ కోడలికి అది ఎనిమిదో నెలో తొమ్మిదో నెలో నాకు తెలియాలి కదా" అంది.

స్కాన్‌లో తెలీదా అని అడిగాం. మొదటి మూడు నెలల్లో తీసుంటే అయిదారు రోజుల తేడాతో చెప్పేదాన్నని అంది. అప్పుడు బిడ్డలందరూ ఒకే కొలతలో పెరుగుతారు. రోజులు గడిచినకొద్దీ అమ్మానాన్నల పోలికలు వచ్చి కొందరు బొద్దుగా, కొందరు సన్నగా అవుతారు. చివరి నెలల్లో స్కాన్ చెప్పే తేదీకి అటూ ఇటూ మూడు వారాలు వదులుకోవాల్సిందే. నా విషయంలో ఆ మూడు వారాల్లోనే అంతా ఉంది.

ఊపిరితిత్తుల మాట అప్పుడు ఎత్తింది. బిడ్డ కడుపులో ఉన్నంతకాలం ఊపిరి పీల్చుకోదు, ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా అందుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు, నీరుంటుంది. పుట్టిన క్షణంలో ఆ నీటి చోట గాలి నిండాలి. లోపల కోట్లకొద్దీ బుడగల్లాంటి గదులు. వాటి గోడలు తడిగా ఉంటాయి కాబట్టి, తడి పాలిథిన్ కవరు రెండు వైపులా అతుక్కున్నట్టు, ఊపిరి వదలగానే అతుక్కుపోతాయి. మళ్ళీ ఊపిరికి మళ్ళీ బలంగా విడదీయాలి. అలా కొన్ని గంటలకే పసిబిడ్డ అలిసిపోతుంది. అతుక్కోకుండా ఉండటానికి ఒక జిడ్డు పదార్థం ఊపిరితిత్తులే తయారుచేసుకుంటాయి. నెలలు నిండే ముందు వారాల్లో అది సరిపడా తయారవుతుంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి పుట్టిన బాబు అయిదున్నర వారాల ముందు పుట్టి, ఈ జబ్బుతోనే రెండు రోజుల్లో పోయాడని ఆవిడే చెప్పింది. "అధ్యక్షుడి కొడుకుని బతికించలేకపోయారమ్మా. ఇప్పుడు ఆ జిడ్డునే మందుగా గొట్టంతో వేస్తున్నారు. కానీ దాని ధర మీకు తెలీదు, నాకు తెలుసు."

ఈ జిడ్డు కొంచెం కొంచెంగా ఉమ్మనీటిలోకి వచ్చి కలుస్తుంది. ఉమ్మనీరు తీసి చూస్తే లోపల తయారైందో లేదో తెలుస్తుంది. "మీ పండగలు, నా స్కాన్లు పక్కన పెడదాం. బిడ్డనే అడుగుదాం" అంది.

మధుమేహం ఉందేమో అని ముందే చక్కెర పరీక్ష చేయించింది. ఉంటే బిడ్డ బొద్దుగా కనిపిస్తుంది గానీ ఊపిరితిత్తులు ఆలస్యంగా పండుతాయట. నాకు లేదు. మాయ వెనక గోడకి ఉందని స్కాన్‌లో చూసింది, అదీ మంచిదే. ముందు గోడకి, అందులోనూ పాత కుట్టు మీద ఉంటే సూది వేయడానికే ఆలోచించాల్సి వచ్చేది. సూది వల్ల నొప్పులు రావచ్చు, నీరు కారవచ్చు, రక్తం కనబడవచ్చు, ఇవన్నీ అరుదు, అయినా జరగవచ్చు అని ఒక్కొక్కటీ చెప్పి సంతకం పెట్టించుకుంది.

వీధిలో ఈ కబురు ఎలా పాకిందో, ఒక పిన్నిగారు వచ్చి, "నీళ్ళు తీస్తున్నారంటే ఆడో మగో కూడా చెప్పేస్తారు కదా, అడుగు" అంది. నేను అడగలేదు. మా ఆయన ఊరికే ఉండలేక అడిగాడు. డాక్టరమ్మ గోడ మీద బోర్డు వైపు వేలు చూపించి, "1994లో చట్టం వచ్చింది బాబూ. ఇంకోసారి అడిగితే బయట కూర్చోవాలి" అంది. ఆయన నిజంగానే బయట కూర్చున్నాడు.

మొదటి పరీక్ష శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం వెళ్ళిన పదో రోజున. మూత్రం పోసి రమ్మన్నారు. బల్ల మీద పడుకోబెట్టి, పొట్టంతా అయోడిన్ రాశారు. స్కాన్ బిళ్ళతో బిడ్డ మొహం ఎటుందో, బొడ్డుతాడు ఎక్కడుందో చూసి, కాళ్ళూ చేతులూ లేని ఒక నీటి మడుగు వెతికింది. సూది నేను ఊహించుకున్నంత లావు లేదు. సన్నగా, బెత్తెడు కంటే కాస్త పొడవుగా ఉంది. చర్మంలో దిగినప్పుడు చీమ కుట్టినట్టే. ఆ తర్వాత లోపల ఏదో పొర దగ్గర ఒక్క క్షణం పొట్టంతా పిడికిలి బిగించినట్టు పట్టేసింది, వదిలేసింది. నొప్పి అని కూడా అనను. బిడ్డ మాత్రం ఒక్క తన్ను తన్నింది. "దాని ఇల్లు కదా, కోపం రాదా" అంది డాక్టరమ్మ.

మొదటి సిరంజిలోకి కొంచెం లాగి దాన్ని పక్కన పడేసింది. నా రక్తం అంటుకుని ఉంటే పరీక్ష తప్పు చెబుతుందట. రెండో సిరంజిలోకి లాగిన నీరు లేత కొబ్బరినీళ్ళలా తేటగా ఉంది. నాకు ముచ్చటేసింది. ఆవిడకి వేయలేదు. తేటగా ఉండటం అంత మంచి గుర్తు కాదని తర్వాత తెలిసింది.

సూది తీశాక బిడ్డ గుండె చప్పుడు విని, నన్ను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. ఆ గదికి ఆనుకునే ల్యాబ్. తలుపు తీసే ఉంది. పెద్ద ఊళ్ళలో పెద్ద ల్యాబుల్లో ఉమ్మనీటిలోని రెండు రకాల కొవ్వుల్ని విడదీసి, ఒకటి రెండోదానికి రెండింతలు ఉందా అని చూస్తారట. 1971లో వచ్చిన పద్ధతి. అది ఇక్కడ కుదరదు. మాది బుడగల పరీక్ష, అదే ఆ షేక్ టెస్ట్, 1972 నాటిది. దానికి గాజు గొట్టాలు, స్పిరిట్, గడియారం ఉంటే చాలు.

ల్యాబ్ కుర్రాడు అయిదు గొట్టాలు వెలుగుకి ఎత్తి ఒక్కొక్కటీ చూస్తున్నాడు. "ఏం చూస్తున్నావు తమ్ముడూ?" అని అక్కడినుంచే అడిగాను. "సబ్బు అక్కా. కడిగినప్పుడు ఒక్క చుక్క సబ్బు ఉండిపోయినా నురగొచ్చేస్తుంది, పండకపోయినా పండిందంటుంది" అన్నాడు. మొదటి గొట్టంలో ఉత్త ఉమ్మనీరే పోశాడు. తర్వాతి వాటిలో ఉమ్మనీరు తగ్గిస్తూ, సెలైన్ పెంచుతూ వెళ్ళాడు. మూడోదానిలో సగం అది, సగం ఇది. ఆ తర్వాత అన్నిటిలోనూ సమానంగా 95 శాతం ఆల్కహాల్. రబ్బరు మూతలు బిగించి, గోడ గడియారం చూస్తూ గట్టిగా కుదిపాడు. పదిహేను సెకన్లు. కుదపగానే అన్నిటిలోనూ నురగే. నేను మురిసిపోయాను. "ఇప్పుడు కాదక్కా, పావుగంట ఆగాలి" అని గొట్టాల్ని చెక్క స్టాండులో నిలబెట్టి వెళ్ళిపోయాడు.

ఆ పావుగంట నేనూ, ఆ గొట్టాలూ. ఉమ్మనీటిలో మాంసకృత్తులూ గట్రా చాలా ఉంటాయి, ఉత్తగా కుదిపితే దేనికైనా నురగొస్తుంది. ఆల్కహాల్ ఆ మామూలు నురగని చంపేస్తుంది. ఊపిరితిత్తుల జిడ్డు వల్ల వచ్చిన బుడగలు మాత్రం దానికీ లొంగకుండా నిలుస్తాయి. ఇది నాకు ఆ తర్వాత చెప్పిన సంగతి. అప్పటికి నాకు కనిపించింది ఒక్కటే, చివరి గొట్టాల్లో నురగ చూస్తుండగానే కరిగిపోతోంది. అయిదోది ముందు పోయింది. తర్వాత నాలుగోది. మూడోదానిలో నీటి అంచున నాలుగు బుడగలు మిగిలి, అవి కూడా ఒకటొకటే టప్ మన్నట్టు పోయాయి. రెండోదానిలో సగం చుట్టు. మొదటిదానిలో మాత్రం గాజు అంచు చుట్టూ తెల్లటి పట్టీలా పూర్తిగా నిలిచింది.

డాక్టరమ్మ వచ్చి గొట్టాన్ని నల్ల గుడ్డ ముందు పెట్టి చూసి, "సగం పచ్చి, సగం దోర" అంది. మూడో గొట్టంలో చుట్టూ నిలవాలి. నిలిస్తే గట్టిగా నమ్మొచ్చు. నిలవకపోతే మాత్రం పండలేదని ఖాయంగా చెప్పలేం, పండినా ఒక్కోసారి నిలవదు. ఈ పరీక్ష పొరపడినా జాగ్రత్త వైపే పొరపడుతుంది. ఆ గుణం నాకు నచ్చింది. మనుషుల్లో అరుదు.

సాయంత్రం అత్తయ్యకి ఇదంతా చెబితే ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది: "కుంకుడు రసమా ఏటి? కాయ పచ్చిదైతే నురగ నిలవదు, అంతే కదా." డాక్టరమ్మ చెప్పిన అరగంట పాఠం కంటే నాకు అదే బాగా అర్థమైంది. ఆలోచిస్తే రెండూ చేసేది ఒకటే పని, నీటి పైపొర బిగువు తగ్గించడం.

రెండో స్కాన్ లెక్క నిజమైతే నాకు అప్పటికి ముప్పై మూడు వారాలే. అందుకని ఊపిరితిత్తులు తొందరగా పండటానికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్లు మొదలుపెట్టింది. పన్నెండు గంటలకొకటి, నాలుగు. న్యూజీలాండ్‌లో గొర్రెల మీద ప్రయోగం చేస్తుంటే ఒక డాక్టరుకి తట్టిందట. ఈ మందు ఇచ్చిన గొర్రెకి చాలా ముందుగా పుట్టిన పిల్ల, బతకకూడనిది, ఊపిరి పీల్చిందట. తర్వాత ఆయనా ఇంకొక పిల్లల డాక్టరూ కలిసి తల్లులకి ఇచ్చి చూసి 1972లో ప్రకటించారు. అప్పటికి ఇరవై ఏడేళ్ళయినా, మా వైపు చాలా ఆసుపత్రుల్లో ఇది వాడకంలో లేదని ఆవిడ గొణుక్కుంది. నాకు ఇంజక్షన్ కంటే అర్ధరాత్రి లేపి ఇవ్వడం చిరాగ్గా ఉండేది.

నొప్పులు వస్తే కంచరపాలెం నుంచి రావడానికి టైము చాలదని నన్ను అక్కడే ఉంచేసింది. మేడ మీద గది. కిటికీలోంచి ఇళ్ళ కప్పుల మీదుగా డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేది. నిద్ర పట్టని రాత్రుళ్ళు లైట్‌హౌస్ వెలుగు లెక్కపెట్టుకునేదాన్ని. పగలంతా ఎన్నికల మైకులు. ఆటోలో ఒకాయన అరుచుకుంటూ కలెక్టరాఫీసు వైపు వెళ్ళేవాడు, వెనకే ఇంకో పార్టీ ఆయన. మధ్యమధ్య పొట్ట గట్టిపడితే బెల్లు కొట్టేదాన్ని. నర్సు వచ్చి చెయ్యి పెట్టి, "ఉత్త బిగింపే, నొప్పి కాదు" అని వెళ్ళేది. ఆ తొమ్మిది రోజుల్లో ఎన్నిసార్లు కొట్టానో ఆవిడకే తెలియాలి.

అసలు కష్టం పెద్దాడు. మే నెలలోనే వేపాకు రాసి పాలు మాన్పించాం గానీ, వాడికి నా పక్కన లేకపోతే నిద్ర రాదు. సాయంత్రం మా ఆయన తీసుకొచ్చేవాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద వాడి ఏడుపు మెట్టు మెట్టుకీ కిందికి దిగుతూ వినిపించేది.

రెండో పరీక్ష సెప్టెంబరు 8, బుధవారం. ఈసారి సిరంజి నిండగానే నాకే తెలిసింది. నీరు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, చిన్న చిన్న పొలుసులతో ఉంది. బిడ్డ ఒంటికి పట్టిన తెల్లటి వెన్న లాంటి పూత రాలి కలిస్తే అలా అవుతుంది. అది నెలలు నిండుతున్న గుర్తు. డాక్టరమ్మ సిరంజిని వెలుగుకి పెట్టి ఏమీ అనలేదు, కానీ పెదవి చివర కొంచెం కదిలింది.

మళ్ళీ అదే కుర్రాడు, అవే అయిదు గొట్టాలు, అదే గడియారం. ఈసారి వాడు వెళ్ళిపోలేదు, స్టాండు పక్కనే నిలబడ్డాడు. అయిదోది పోయింది. నాలుగోదానిలో అక్కడక్కడ మిగిలింది. మూడోదాని మీదే నా కళ్ళు. బుడగలు చిన్నవై, చిన్నవై, అంచుకి చేరి, ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోయాయి. ఎక్కడా తెగలేదు. పావుగంట అయ్యాక కుర్రాడు గొట్టం పట్టుకుని నా మంచం దగ్గరికే వచ్చేశాడు. దగ్గర్నుంచి చూస్తే సగ్గుబియ్యం గింజల కంటే చిన్న బుడగలు, వలయంగా, వెండి పట్టీలా. వేలితో గొట్టాన్ని తట్టాడు. కదల్లేదు. "పండింది అక్కా" అన్నాడు. రాసిచ్చిన రిపోర్టు కంటే ఆ తట్టడమే నాకు గుర్తుంది.

డాక్టరమ్మ మర్నాడు ఉదయమే ఆపరేషన్ అంది. అత్తయ్య మొహం మాడిపోయింది. మర్నాడు అమావాస్య. "రెండ్రోజులు ఆగితే ఏటమ్మా?" అంది. ఆగితే నొప్పులొస్తాయేమో అని డాక్టరమ్మ. నన్ను ఆదుకున్నది మా అమ్మ. "అది ఉత్త అమావాస్య కాదు వదినా, పోలాల అమావాస్య. పిల్లల కోసం చేసే పూజ. ఇంతకంటే మంచి రోజు ఏముంది?" అంది. అత్తయ్య దగ్గర దానికి జవాబు లేదు. మర్నాడు పొద్దున్న ఇంట్లో కంద మొక్కకి పసుపు కొమ్ము కట్టి, బూరెలు నైవేద్యం పెట్టి, ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చింది. అప్పటికి పాప పుట్టేసింది.

నడుముకి మత్తు ఇచ్చారు, తెలివిలోనే ఉన్నాను. పచ్చగుడ్డ అవతల డాక్టరమ్మ గొంతు వినిపిస్తోంది. పక్కన ఉన్నావిడతో, "ఇక్కడ చూడు, పాత కుట్టు కాగితం మందాన ఉంది, లోపల నీళ్ళు కనిపిస్తున్నాయి" అంది. నేను వింటున్నానని మర్చిపోయినట్టుంది. ఆ తర్వాత ఒక నిశ్శబ్దం. అది ఎంతసేపో చెప్పలేను. మూడో గొట్టం గుర్తొచ్చింది. తర్వాత ఏడుపు. గట్టిగా, చిరాగ్గా, నిద్ర లేపితే ఏడ్చినట్టు.

2 కిలోల 650 గ్రాములు. మొదటి కొన్ని గంటలు వెచ్చటి దీపం కింద పెట్టి నర్సు ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి అరవై దాటకూడదట, ముక్కుపుటాలు ఎగరకూడదు, మూలిగినట్టు చప్పుడు రాకూడదు. నలభై ఎనిమిది అంది ఒకసారి, యాభై రెండు అంది ఒకసారి. ఆక్సిజన్ పెట్టలేదు. పిల్లల డాక్టరు అరికాళ్ళ గీతలు, చెవి మృదులాస్థి అవీ చూసి దాదాపు ముప్పై ఏడు వారాలన్నాడు. అంటే అత్తయ్య లెక్కే. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ మర్చిపోనివ్వదు. పుట్టిన తేదీ 9-9-99 అని ఆసుపత్రిలో అందరూ ముచ్చటపడ్డారు.

పంపేటప్పుడు డాక్టరమ్మ కాగితం మీద ఎర్ర సిరాతో కోత బొమ్మ గీసి, నిలువు గీత పెట్టి, కింద తెలుగులో రాసింది: 'నొప్పులు రానివ్వకూడదు.' ట్యూబులు కట్టించుకున్నాం కాబట్టి దానితో మళ్ళీ పని పడలేదు. అయినా బీరువాలో పెళ్ళి పట్టుచీర మడతలో ఉంది. సిజేరియన్ చేయించుకున్న ప్రతి ఆడపిల్లకీ నేను చెప్పేది ఒకటే, గర్భసంచి మీద ఏ కోతో కాగితం మీద రాయించుకోండి. చర్మం మీద మచ్చ సాక్ష్యం కాదు.

ఇప్పుడు ఈ పరీక్ష ఎందుకు లేదో సీతమ్మధార డాక్టరమ్మ చెప్పింది. మొదటి మూడు నెలల్లోనే స్కాన్ తీసేస్తున్నారు, తేదీ తెలిసిపోతుంది. ముందుగా తీయాల్సి వస్తే స్టెరాయిడ్ ఇచ్చేస్తున్నారు. మధ్యలో కొన్నాళ్ళు, రక్తంలో ప్లేట్‌లెట్లు లెక్కపెట్టే మిషన్లోనే ఉమ్మనీటిలోని జిడ్డు రేణువుల్ని లెక్కపెట్టారట, రెండూ ఇంచుమించు ఒకే సైజు కాబట్టి. యాభై వేలు దాటితే పండినట్టు. అదీ పోయింది. అన్నిటికంటే ముఖ్యం ఇంకోటి. ఊపిరితిత్తులు పండినంత మాత్రాన బిడ్డ మొత్తం పండినట్టు కాదని తేలింది. పాలు చప్పరించడం, ఒంటి వేడి నిలుపుకోవడం, పచ్చకామెర్లు, ఇవన్నీ ఇంకా పచ్చిగానే ఉండొచ్చు. తల్లికో బిడ్డకో ప్రమాదం ఉంటే పరీక్ష లేకుండానే తీయాలి, లేకపోతే పరీక్ష బాగున్నా ముప్పై తొమ్మిది వారాలు ఆగాలి. విన్నాక నాకు నిజమే అనిపించింది. మా పాప మొదటి వారం పాలు తాగడానికి బద్ధకించింది, పసుపెక్కి రెండ్రోజులు నీలం లైటు కింద ఉంది. అప్పుడు దాన్ని మేం దిష్టి అనుకున్నాం.

మా అమ్మాయికి ఫోనులో ఏదో యాప్ ఉంది. రోజూ పొద్దున్నే తెరిచి, "అమ్మా, ఈ రోజుకి ఇరవై వారాల మూడు రోజులు" అని చదువుతుంది. అత్తయ్యకి ఇప్పుడు ఎనభై దాటాయి, చెవులు సరిగా వినబడవు. నిన్న వరండాలో కూర్చుని అదంతా విని, "అవన్నీ నాకు తెలీవు గానీ, ఏ పండక్కి నిలిచిందో సెప్పు" అంది.